నొక్కని దానం మేస్టారు

దానం మేస్టారు ఫోటో తీస్తారు గానీ, బటన్ నొక్కరు.

రాజోలు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక పాత ఫిల్ము కెమెరా ఒకటి కొన్నారు. నలుపు తెలుపు రీలుకి ముప్పయ్యారు ఫోటోలు. మా స్టూడియోలో ఒక్క పెళ్ళికే నాలుగు వేలు తీస్తాం. ఆయనకు ఆ ముప్పయ్యారుకీ రెండేళ్ళు పట్టేది. ఓసారి కొబ్బరి దింపడానికి చెట్టెక్కిన బుల్లిరాజుని పైనే ఆగమన్నారు.

"చేతులు పీకేస్తున్నాయండీ మేస్టారూ, నొక్కేద్దురూ!"

"ఆయ్, ఒక్క నిమిషమయ్యా. ఆ మబ్బు తప్పుకోనీ."

మబ్బు తప్పుకునేసరికి బుల్లిరాజు పక్క తోటలో ఉన్నాడు. మేస్టారు ఉత్త చెట్టుకేసి చూస్తూ, "అబ్బ, ఏం వెలుగండీ!" అని మురిసిపోయారు. నొక్కలేదు.

రీలు కడిగాక స్నానాల గదిలో ఎర్రబల్బు వేసి, మందునీళ్ళలో తెల్లకాగితం ముంచుతారు. మనిషి మొహం మెల్లగా తేలుతుంది. అది చూడటం నాకూ ఇష్టమే. ఆయనతో అనలేదంతే.

మావయ్య పోయాక మా మేనత్త సువార్తమ్మ తిండి మానేసినంత పనిచేసింది. "ఫోటో ఒకటి తీయించరా. ఆయన పక్కన గోడకి తగిలిస్తే నా పనైపోతుంది" అంది. నేను తీస్తానంటే ఒప్పుకోలేదు. మావయ్యది నలుపు తెలుపు, పక్కన రంగుల్లో తను తీర్థంలో అమ్మే బొమ్మలా ఉంటుందట!

మేస్టారొచ్చి అరగంట కెమెరాలోంచి చూశారు. "బుగ్గలు లోపలికి పోయేయండీ, నీడ పడుతుంది. రోజూ రెండు గుడ్లు తినండి. బుధవారం వస్తాను."

బుధవారం కళ్ళకింద నలుపన్నారు. పై బుధవారం మబ్బన్నారు. ఇలా పద్నాలుగు బుధవారాలు! అత్త తల దువ్వుకుని, ఆయనకోసం బెల్లం పాకుండలు వండి, తోడుగా తనూ తింటోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఒక్కసారి నొక్కితే మీ సొమ్మేం పోయిందండీ?"

మేస్టారు తాపీగా లెన్సు తుడిచారు. "ఫోటో పడితే తన పనైపోతుందన్నారు కదయ్యా ఆవిడ. ఎలా నొక్కమంటావు?"

చాదస్తమనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

పదిహేనో బుధవారం అత్త పాకుండ నోట్లో పెట్టుకుని దేనికో పకాలున నవ్వింది. మేస్టారు టక్కున నొక్కేశారు! రీలు సగంలోనే తీసి కడిగేశారు కూడా. ఇక తన పనైపోయిందంటుందేమోనని భయపడుతూనే ఫోటో నేనే పట్టుకెళ్ళాను.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మూతి ముడిచింది.

"ఛీ, నోటినిండా పాకుండేంట్రా! దీన్ని మీ మావయ్య పక్కన పెడతావా? మేస్టారిని మళ్ళీ రమ్మను. తొందరేం లేదని చెప్పు."