బ్యాచ్ ఫోటో మీద చాక్లెట్ పాట

మీరు మా బాలనాగమ్మ చిన్నమ్మను ఒక్కసారన్న కలవాలె. తెలకపల్లి దగ్గర మా ఊరి బడికి పోతే దొరుకుతది, పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతది. పప్పు పల్చగైందని సార్లు అంటే, "ఈత రానోళ్లు జర దూరం కూసోండ్రి" అంటది.

నాకేమో పాత చాక్లెట్ పాటలంటే పిచ్చి. గదే, మా అమ్మోళ్లు బడికి పోయే కాలంల క్యాసెట్లల్ల వచ్చిన లవ్ పాటలు. సన్న గొంతు, టింగుటింగుమనే కీబోర్డు, లైనుకొక ఐ లవ్ యూ. వనపర్తిల కాలేజీకి పోయేటప్పుడు బస్సుల చెవులకు గవే. మొన్న బడిల చిన్నమ్మోళ్ల పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్ పెట్టిండ్రు. డీజేల అన్ని పాత పాటలే అంటే నేను గూడ ఎంబడి వోయిన.

అసలు చిన్నమ్మ పది చదవనే లేదు, తొమ్మిదిలనే బందు. రోజు అదే బడిల వండుతది గని ఆమెను ఏ బ్యాచ్‌ల లెక్క వట్టరు. ఈసారి నరేందర్ ఆమెను బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల కలిపి, ఫోన్ చేసి రమ్మన్నడు. ఆమెతోని చదివినోడే, ఊర్ల కిరాణం దుకాణం ఆయనది. బ్యాచ్ ఫోటోల నేను గూడ ఉంటనని చిన్నమ్మ మురిసింది. అందరు అనుకున్న గులాబీ రంగు చీరనే కట్టింది.

సార్లకు శాలువలు కప్పుడు అయినంక నరేందర్ మైకు తీస్కొని, ఇది బాలనాగమ్మ పాట అని ఒకటి పెట్టిచ్చిండు. నాకు పానమసొంటి పాట. నేను గూడ పాడుతున్న. అందరు సీటీలు కొట్టి, జోడీ స్టేజి ఎక్కాలె అన్నరు. పెండ్లిళ్లయి పిల్లలున్నోళ్లకు జోడీ ఏంది? చిన్నమ్మ దిక్కు చూస్తే మొఖంల నెత్తురు లేదు.

పోయి పాట బందు వెట్టిచ్చింది. మైకు గుంజుకున్నది.

"నరేందరూ, గీ పాట నాకు నచ్చిందని ఎన్నడన్న చెప్పిన్నా? నేను బడికి వోయేటప్పుడల్ల మీ దుకాణంల గిదే పెడితివి. ఊరంత నవ్వుతుండ్రని మా నాయిన బడి మాన్పిచ్చి పుణెకు కూలికి తోల్కపోయిండు. నువ్వు పది పాసైతివి, నేను ఇటుకలు మోస్తి."

వాళ్ల క్లాసే పావని అని ఒకామె లేచింది.

"పోనీయే, చిన్నతనం. ఎంత తియ్యగుండె గా రోజులు. అందరి మూడ్ ఖరాబ్ చెయ్యకు."

చానామంది తలకాయ ఊపిండ్రు. నరేందర్ ఇంక ఇకిలిస్తనే ఉన్నడు.

చిన్నమ్మ తన ఫోన్ తీసి ఆయన చేతుల వెట్టింది. "ఫోటో నువ్వు తియ్యి. నువ్వుంటే నేనుండ."

వాళ్లు వీళ్లు గునిగిండ్రు గని ముసలి హెడ్మాస్టర్ సారు, తియ్యి నాయినా అన్నడు. తీసిండు. చిన్నమ్మ ముందల వరసల, సారు పక్కకు నిలవడ్డది.

అయిపోయిందనుకున్న. ఆ ఫోటోను చిన్నమ్మనే బ్యాచ్ గ్రూపుల పెట్టింది. తెల్లారి చూస్తే నరేందర్ దానికి అదే పాట కలిపి, చుట్టు గుండెలు అతికిచ్చి మళ్ల పెట్టిండు. కింద మరువలేని రోజులంట, కన్నీళ్లంట, లవ్ గుర్తులంట. చెప్పిందంత విన్నోళ్లే! థూ. బెల్లం పాకంల ఈగ చచ్చినట్లు, గంత రోత. నా ఫోన్ల గా పాటలన్ని తీసేసిన. గ్రూపుల కెళ్లి బయటికి రా అని చిన్నమ్మకు గూడ చెప్పిన.

"వస్తే మళ్ల బ్యాచ్‌ల లేనట్లే గద బిడ్డా" అన్నది.

ఇప్పటికి అండ్లనే ఉన్నది. పొయ్యి కాడ కూసొని, సౌండ్ బందు వెట్టి ఫోటో చూసుకుంటది.

మీరైతే ఏం చేస్తుంటిరి?