గోడ కింద దొరికిన దవడ

మొగుడు పోయాక ఆవిడకి ఏడుపు కన్నా నిద్ర ఎక్కువ వచ్చింది. ఈ మాట పైకి అంటే జనం ఏమనుకుంటారోనని ఎవరితోనూ అనలేదు. రెండేళ్ళ పైచిలుకు ఆసుపత్రి చుట్టూ తిరిగింది. నిలువెత్తు మనిషి మంచానికి అతుక్కుపోయి పిట్టలా అయిపోతుంటే కళ్ళప్పగించి చూసింది. చివరికి నర్సు వచ్చి "అయిపోయిందమ్మా" అన్నప్పుడు, పక్కనున్న స్టీలు కుర్చీలో కూలబడింది. ఇక లేవబుద్ధి కాలేదు. ఏడాది దాటినా ఆ లేవబుద్ధి కాకపోవడం ఆవిణ్ణి వదల్లేదు. పొద్దున్నే లేచేది, పనికి పోయేది, వచ్చేది. మనసు మాత్రం ఆ కుర్చీలోనే చతికిలబడి ఉండేది.

ఆవిడ పని కట్టుడు పళ్ళు తయారు చేయడం. కింద కళ్ళజోళ్ళ కొట్టు, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన వాళ్ళ ల్యాబు. దంతవైద్యులు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోయాలి, గాలి బుడగలు చేరకుండా తట్టాలి, మైనంతో చిగుళ్ళు దిద్దాలి, పక్క పళ్ళ రంగుకి సరిపోయే పన్ను ఏరాలి. తోటివాళ్ళు ఆవిణ్ణి 'పళ్ళక్క' అనేవాళ్ళు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ పేరు విన్నప్పుడల్లా పగలబడి నవ్వేవాడు. "నా బతుకు పైకీ కిందకీ, నీ బతుకు నలుగురి నోళ్ళలో. బాగా కుదిరిందే మన జంట!" అనేవాడు. ఆయన పోయాక కూడా వాళ్ళు అలాగే పిలిచారు, ఆవిడ అలాగే పలికింది. నవ్వేవాడే లేడు.

ఇంట్లో ఆవిడతో పాటు ఉండేది ఆడపడుచు. పెళ్ళి మాటెత్తితే ఇంతెత్తున లేచి, లెక్కల టీచరుగానే తల నెరిసిపోయిన మనిషి. అన్నయ్య చెప్పులు గుమ్మం పక్కనుంచి తీయనివ్వలేదు. ఆయన టూల్‌కిట్ మీద వారం వారం దుమ్ము తుడిచేది. వదినా ఆడపడుచులకి ఒకరి మీద ఒకరికి ప్రేమే, కానీ ఇద్దరూ ఒకే దుఃఖాన్ని చెరో కొసా పట్టుకుని కూర్చున్నట్టు ఉండేది. ఎవరు ముందు వదిలితే వాళ్ళది తప్పు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఊరి చివర కోట దగ్గర్నుంచి మ్యూజియం మనిషి ఒకాయన అట్టపెట్టె గుండెలకి హత్తుకుని మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన వయసు, చొక్కా చేతులకి సున్నం మరకలు. మ్యూజియంలో పాత కట్టడాల నమూనాలు చేసే పని ఆయనది. పెట్టెలో దూది పొరల మధ్య ఒక దవడ ఉంది. తవ్వకాల్లో బయటపడిందట. అసలుది భద్రంగా దాచి, జనానికి చూపించడానికి నకలు పెడతారట.

"కాస్త జాగ్రత్తండీ," అన్నాడాయన. పెట్టె బల్ల మీద పెట్టాక కూడా చెయ్యి తీయలేదు.

"దవడ ఒక్కటే కదండీ, ఇంకేం కరుస్తుంది?" అంది ఆవిడ అలవాటైన నీరసంతో.

ఆయన నవ్వలేదు. ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడిపోయాడు.

"ఏమిటండీ అలా చూస్తున్నారు?"

"ఏం లేదండీ. మీ గొంతు ఎక్కడో విన్నట్టుంది."

"ఫోన్లో విని ఉంటారు. ఇక్కడ ఫోనెత్తేది నేనే," అని ఆవిడ పెట్టెని దీపం దగ్గరికి లాక్కుంది.

ఆ ఎముకని ఒంటరిగా వదిలి వెళ్ళకూడదని మ్యూజియం వాళ్ళ నిబంధన. అది పెళుసుగా ఉండటంతో అచ్చు ఒక్క పూటలో తేలే పని కాలేదు. కాబట్టి ఆయన రోజూ మధ్యాహ్నం పెట్టె పట్టుకుని రావడం, కిటికీ పక్క స్టూలు మీద కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ పెట్టెతో పోవడం. ఊరికే కూర్చోలేక కోట కబుర్లు చెప్పేవాడు. ఆరు వందల ఏళ్ళ కిందట పొరుగు రాజు దండెత్తి వస్తున్నాడని తెలిసి, ఇక్కడి రాజు రాత్రీ పగలూ గోడ లేపించాడట. వానలు పడుతున్నా ఆపనివ్వలేదట. తడిసిన గోడ ఒక పొద్దున పనివాళ్ళ మీదే కూలిందట. తీరా ఆ పొరుగు రాజు ఇటు రానేలేదు, ఇంకో దారిన పోయాడు.

"ఎంతమంది పోయారో?" అంది ఆవిడ, మైనం గీస్తూ.

"రాజు ఎన్ని ఏనుగులు దానమిచ్చాడో రాసుకున్నారు గానీ, గోడ కింద ఎవరు పోయారో ఎవరూ రాయలేదండీ."

ఆవిడకి ఆయన రావడం అలవాటైపోయింది. ఏమీ అడగని మనిషి. ఓదార్చడు, తిన్నారా అనడు, పాపం అనడు. టీ తెప్పిస్తే తాగి గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు. ఒకరోజు ఆయన పెట్టె మర్చిపోయి మెట్లు దిగిపోతుంటే, ఆవిడ తలుపు దగ్గరకొచ్చి "ఏవండీ!" అని కేక వేసింది. ఎవరినైనా పిలిచే పిలుపే అది. కానీ ఎన్నో ఏళ్ళు ఒక్క మనిషినే అలా పిలిచిన నోరు కదా, అదే తీరులో, అదే విసుగుతో వచ్చేసింది. మెట్ల మధ్య ఆయన ఆగిపోయాడు. ఆవిడా ఆగిపోయింది. "పెట్టె," అంది చివరికి.

మర్నాడు ఆయన టీ ముట్టుకోలేదు.

"మీకొకటి చెప్పాలండీ. నవ్వినా పరవాలేదు. ఇది నాదే."

"ఏది?"

"ఆ దవడ."

ఆవిడ నవ్వలేదు. నవ్వడానికీ ఓపిక ఉండాలి. చేతిలో పనిముట్టు కింద పెట్టి, చెప్పమన్నట్టు చూసింది.

నాలుగేళ్ళ వయసులోనే ఆయన తడి సున్నం వాసన వేస్తే కెవ్వుమనేవాడట. గోడ పడింది, నేను కింద ఉన్నాను, అనేవాడట. ఇంట్లో వాళ్ళు దెయ్యం పట్టిందనుకున్నారు, తర్వాత పోన్లే అనుకున్నారు. పెద్దయ్యాక కోట చూడగానే కాళ్ళు ఆ గోడ దగ్గరికే పోయాయట. అందుకే మ్యూజియంలో చేరాడు. అందుకే పెళ్ళీ చేసుకోలేదు.

"ఒక ఆడమనిషి కేకేస్తుందండీ, గోడ కూలే ముందు. బయటికి రమ్మని. ముఖం తెలీదు. నా భార్య అని, ఆ గొంతు మాత్రం తెలుసు. దానికోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. నిన్న మెట్ల మీద విన్నాను."

ఆవిడ లేచి చేతులు కడుక్కుంది. సంచీ భుజాన వేసుకుని, వేళ కాకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

దారంతా కోపం రావాలని చూసింది, రాలేదు. ఒకళ్ళు తన కోసం ఎదురుచూశారట. మంచినీళ్ళ కోసమో, మందుల కోసమో, అన్నం కోసమో కాదు. ఊరికే తన కోసం. అబద్ధమైనా ఆ మాట నడుం వాల్చడానికి పరిచిన చాపలా ఉంది. ఆ సంగతే ఆవిణ్ణి భయపెట్టింది.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు చూడగానే అసలు కోపం వచ్చింది. మర్నాడు ఆయన మెట్లెక్కీ ఎక్కకముందే పట్టుకుంది.

"మీరన్నది నిజమే అనుకుందాం. నేను మీ పెళ్ళాన్నే అనుకుందాం. మరి మా ఆయన ఎవరు? మీరు దొరికేదాకా కాలక్షేపానికి కాపురం చేశానా? గురక పెట్టి, పప్పులో ఉప్పు లేదని గొడవ పెట్టి, చివర్లో నా చెయ్యి పట్టుకుంటే గానీ సూది పొడిపించుకోని మనిషి, మీ కథలో ఎక్కడున్నాడు?"

ఆయన తల దించుకున్నాడు. "అలా ఆలోచించలేదండీ. ఒంటరిగా ఉన్నవాణ్ణి, నా వైపు నుంచే చూశాను." తర్వాత తలెత్తి అడిగాడు. "ఎలా ఉండేవారండీ ఆయన?"

ఎలా పోయాడని అడిగిన వాళ్ళే గానీ, ఎలా ఉండేవాడని ఆవిణ్ణి అడిగిన వాళ్ళు లేరు. చెప్పడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం అచ్చు పని ముందుకి సాగలేదు.

దవడ నకలు పూర్తయింది, పెట్టె మ్యూజియానికి వెళ్ళిపోయింది, ఆయన రావడం మాత్రం ఆగలేదు. ఆదివారాలు ఆవిడ కోటకి వెళ్ళసాగింది. ఆయన గోడ పక్కన నడిచేవాడు కాదు, ఎప్పుడూ నాలుగడుగులు ఎడంగానే. ద్వారం కమాను కింద దాటాల్సి వస్తే చెమటలు పట్టేవి. ఒకసారి ఆవిడ చెయ్యిచ్చింది. ఆయన పట్టుకున్నాడు. దాటాక కూడా వదల్లేదు, ఆవిడా లాక్కోలేదు. ఆయన నమ్మకం ఆవిడకి లేదు. కానీ కాదనే ఓపికా లేదు. ఆయన చూసేది తననో, ఎప్పుడో మట్టయిపోయిన మనిషినో తేల్చుకోకుండా అలాగే ఆదివారాలు గడిపేసింది.

ఆడపడుచుకి సంగతి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు.

"ఎవరు వదినా ఆయన?"

"మ్యూజియం ఆయన."

"అది ఉద్యోగం. ఎవరని అడుగుతున్నా."

"పోయిన జన్మలో నా మొగుడంట."

ఆడపడుచు గుమ్మం పక్క చెప్పుల వైపు చూసింది. "ఈ జన్మలో నీ మొగుడు మా అన్నయ్య," అంది చివరికి. తలుపు గట్టిగా వేసుకుంది. తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల చప్పుడు లేదు.

ఒకరోజు ల్యాబు యజమాని నవ్వుకుంటూ వచ్చాడు. "పళ్ళక్కా, విన్నావా? మనం అచ్చు తీసిన దవడ లేదూ, దాన్ని పెద్ద పరీక్షకి పంపారంట. అది మగవాడిది కాదంట. పాతికేళ్ళు నిండని ఆడపిల్లదంట! మ్యూజియం వాళ్ళు బోర్డు మీద మీసాల మేస్త్రీ బొమ్మ కూడా వేయించేశారు పాపం."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ స్టూలు మీద గంభీరంగా కూర్చుని "ఇది నాదే" అన్న మనిషి గుర్తొచ్చాడు. నవ్వు తన్నుకొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పొట్ట పట్టుకుని, బల్ల మీద వాలిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. ఆ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆసుపత్రిలో రాని ఏడుపు, పదిమందీ పలకరించడానికి వచ్చినప్పుడు రాని ఏడుపు, ప్లాస్టర్ ధూళి పడిన ఆ బల్ల మీద వచ్చింది. ఈ సంగతి వింటే మొగుడు ఎంత నవ్వేవాడో! చెప్పడానికి లేడు. యజమాని కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. "తాగమ్మా, తాగు," అంటూ పక్కనే నిలబడ్డాడు.

ఆ వారం ఆయన రాలేదు. పై వారమూ రాలేదు. ఆవిడే బయల్దేరింది. మ్యూజియం వెనక షెడ్డులో, సగం చెక్కిన బురుజు నమూనాల మధ్య, ఏ పనీ చేయకుండా కూర్చుని ఉన్నాడు.

"విన్నారుగా," అన్నాడు.

"విన్నాను."

"ఇన్నేళ్ళు దేన్ని పట్టుకుని బతికానో తెలీట్లేదండీ. చిన్నప్పుడు నిజంగానే అన్నానో, అన్నానని మా అమ్మ పదే పదే చెప్తే నమ్మానో. కేక కూడా ఉందో లేదో. మిమ్మల్ని అనవసరంగా ఈ రొంపిలోకి లాగాను."

ఆవిడ పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చుంది. "పోయిన జన్మలో మీరే ఆడవాళ్ళేమో. పేచీ ఏముంది? నేను మీ మొగుణ్ణయి ఉంటాను. అందుకే ఇప్పటికీ కేకలేస్తున్నాను."

ఆయన పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు.

"చూడండి," అంది ఆవిడ. "నేను అలిసిపోయాను. ఆరు వందల ఏళ్ళ బరువు నాకొద్దు, ఇరవై ఏళ్ళ కాపురం బరువే దించుకోలేకపోతున్నాను. నేను ఎవర్నీ గోడ కింద పోగొట్టుకోలేదు. ఆసుపత్రిలో పోగొట్టుకున్నాను. ఆయన్ని మర్చిపోను, మీరు మర్చిపొమ్మనకూడదు. ఆ దవడ మీది కాదని తేలాక కూడా మీకు నా దగ్గరికి రావాలనిపిస్తే రండి. అనిపించకపోతే చెప్పెయ్యండి, ఇంటికెళ్ళి పడుకుంటాను."

బయట ఎవరో పర్యాటకులు ఫోటోల కోసం ఒకర్నొకరు పిలుచుకుంటున్నారు.

"వచ్చే ధైర్యం లేక రాలేదండీ," అన్నాడు. "రావాలని లేక కాదు. కథ లేకపోతే నాలో మీకు చూపించడానికి ఏముందని?"

"గ్లాసు కడుగుతారు," అంది ఆవిడ.

వాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. తొందరపడే వయసూ కాదు, ఓపికా లేదు. ఆడపడుచు సంతకానికి రానంది, వచ్చింది. సాక్షి స్థానంలో పేరు రాస్తూ "మా అన్నయ్య ఉంటే ఇదంతా జరిగేదే కాదు," అంది అందరికీ వినబడేలా. ఆయన "అవునండీ," అన్నాడు వినయంగా. ఆ జవాబుకి లెక్కల టీచరు దగ్గర లెక్క కుదరలేదు. ఆ తర్వాత ఆయనతో మాట్లాడటం మొదలుపెట్టింది, ఎక్కువగా తప్పులెన్నడానికే అయినా.

మ్యూజియంలో మీసాల మేస్త్రీ బొమ్మ తీసేశారు. కొత్త బొమ్మ చేసే పని ఆయనకే వచ్చింది. సున్నం తట్ట నెత్తిన పెట్టుకున్న పాతికేళ్ళ లోపు పిల్ల. ముఖం ఎలా చేయాలో తెలియక నెలల తరబడి దిద్దాడు, చెరిపాడు. ఒక ఆదివారం ఆవిడ వెళ్ళి చూసింది. తన పోలిక ఏమైనా పెట్టాడేమోనని దగ్గరికెళ్ళి వెతికింది. లేదు. ఎవరో పిల్ల, ఎండకి కళ్ళు చికిలించి, తట్ట ఎప్పుడు దించుతానా అన్నట్టు చూస్తోంది.

"పాపం, బాగా అలిసిపోయింది," అంది ఆవిడ.

ఆయన తడిబట్టతో చేతులు తుడుచుకున్నాడు. ఇద్దరూ ఆ పిల్ల ఎదురుగా కాసేపు కూర్చున్నారు.