అన్సార్ భాయ్ డబ్బా గుర్రు

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో అన్సార్ భాయ్‌ది మైకులు, రేడియోలు బాగుచేసే కొట్టు. మనిషి వెన్నలాంటివాడే గానీ ఒక్క విషయంలో మహా గర్విష్ఠి. తన చేయి పడిన ఆంప్లిఫయర్ గుర్రుమనదని ముప్పై ఏళ్లుగా ఊరంతా చాటుకుంటూ వచ్చాడు. ఏ పెళ్లిలోనైనా మైకు గుర్రుమంటే చాలు, తింటున్న బిర్యానీ వదిలేసి లేచి, అది తన కొట్టుది కాదని పందిరంతా తిరిగి చెప్పి మరీ వచ్చి కూర్చునేవాడు.

2011, సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, దుకాణాలు మూత. సద్దుల బతుకమ్మను దీక్షా శిబిరం ముందు రోడ్డు మీదే ఆడాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. పాట ఎత్తుకునేది బీడీలు చుట్టే కొండవ్వ. గొంతు గట్టిదే, కానీ రెండు చరణాలు దాటితే శ్రుతి తప్పి పైపైకి ఎక్కిపోతుంది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే వోల్టేజీ ఎగిరి, అన్సార్ శిబిరానికిచ్చిన ఆంప్లిఫయర్‌లో నాలుగు డయోడ్లకు మూడు మాడిపోయాయి. కొట్టులో నిల్వ లేవు, కొత్తవి కొనే దారి లేదు.

"ఒక్కటి మిగిలింది గదా భాయ్, దాంతోని నడవదా?" అంది కొండవ్వ.

"నడుస్తదక్కా. గోడల కరెంటు ముందుకు వస్తది, ఎనుకకు మర్లుతది, సెకనుకు యాభై సార్లు. డబ్బకేమో ఒక్క దిక్కు పోయేదే కావాలె. డయోడ్ అంటే గేటు లెక్క. వచ్చేదాన్ని ఇడుస్తది, మర్లేదాన్ని ఆపుతది. నాలుగుంటే మర్లేదాన్ని గూడ తిప్పి ముందటికే పంపుతుండె. ఒక్కటే ఉంటే సగమే అందుతది."

"కరెంటు రాని గా సగంల నా పాట ఆగుతదా ఏంది?"

"ఆగది. గీ కెపాసిటర్ బిందె లెక్క. వచ్చినప్పుడు నింపుకుంటది, రానప్పుడు పోస్తది. గని ఇప్పుడు సందు పెద్దగైంది, బిందె తగ్గుకుంట నిండుకుంట ఉంటది. గందుకే..." అన్సార్ నేల చూపులు చూశాడు. "గుర్రుమంటది."

సాయంత్రం స్విచ్చి వేశాడు. గుర్ర్‌ర్‌ర్! రోడ్డు రోడ్డంతా గొల్లున నవ్వింది. అన్సార్‌కు తల కొట్టేసినట్టయి స్పీకరు వెనక దాక్కున్నాడు. కొండవ్వ మాత్రం ఒక్క క్షణం చెవి ఒగ్గి విని, ఎత్తుకుంది.

"అన్సారు భాయి డబ్బ ఉయ్యాలో
ఆంబోతు లెక్క అరిసె ఉయ్యాలో!"

నవ్వీ నవ్వీ ఆడవాళ్ల కొప్పులు ఊడిపోయాయి. అయితే వింత చూడండి! రెండు చరణాలు దాటాయి, పది దాటాయి, కొండవ్వ శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు. ఆ గుర్రు కదలక మెదలక ఒక్క తీరుగా మోగుతుంటే, ఆమె దాని కొంగు పట్టుకుని నడిచింది. రెండు వందల మంది చప్పట్లు ఒక్కటిగా పడ్డాయి. అన్సార్ సంతోషం పట్టలేక బయటికొచ్చి, తాళం తప్పుతూ తానూ చప్పట్లు కొట్టాడు.

నాలుగు రోజులకు ఎవరి మోటారు సైకిలు మీదో డయోడ్లు వచ్చాయి. అన్సార్ బిగించాడు. గుర్రు మాయం. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. శిబిరంలో కొండవ్వ పాట అందుకుంది. మూడో చరణానికి గొంతు మేడ ఎక్కేసింది. ఆమె ఆపి, మైకులోనే అరిచింది.

"అన్సార్ భాయ్! గుర్రు ఏడికి వోయింది? నా గుర్రు నాకు మళ్ల వెట్టు!"

జనం చప్పట్లు కొట్టారు. ముప్పై ఏళ్లు గుర్రును తరిమిన మనిషి, పడీపడీ నవ్వుతూ మూడు డయోడ్లూ పీకి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఏ పెళ్లిలో మైకు గుర్రుమన్నా బిర్యానీ ముందు నుంచి లేవలేదు.