తడిపొడక్క మాట విన్న వీధి

రైలు గేటు పడడంతో బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా చెత్త లారీ ఒకటి వచ్చి పక్కన నిలబడింది. బస్సులో అందరూ ముక్కులు మూసుకుంటే ఒక్కావిడ మాత్రం తల బయటపెట్టి చూసింది. నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లు అంటుంటారు, ఊరి సంగతి పెద్దమనుషుల నోట వినకూడదు, దాని చెత్తలో చూడాలని. ఆమె ఆట్టే ఊళ్లు తిరగలేదు గానీ చెత్త మాత్రం చదవగలదు.

దర్జీ దుకాణంలో కాజాలు, గుండీలు కుట్టడం ఆమె పని. సెలవు కాబట్టి చెల్లెల్ని చూసి వస్తోంది. సొంత వీధిలో ఆమె పేరు తడిపొడక్క. తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే వెయ్యండని ఇంటింటికీ తిరిగి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరినందుకు వచ్చిన పేరది. మున్సిపాలిటీవాళ్లు ఒక్క పూట మైకు పట్టుకుని చెప్పి వెళ్లిపోయారు; ఆ తర్వాత ఆ భారమంతా మోసింది ఈవిడే. దుకాణంలో మిగిలిన పీలికలు అతికి ఇంటికో సంచి కుట్టిచ్చింది. పాల ప్యాకెట్ మూల ఊడిపోకుండా ఎలా కత్తిరించాలో, కడిగి తీగ మీద ఎలా ఆరేయాలో, కాజా దారంతో ఎలా కట్టకట్టాలో దగ్గర కూర్చుని నేర్పింది. పుట్టింట్లో అన్నల మాట, అత్తింట్లో అత్తగారి మాట, దుకాణంలో మేస్త్రి మాట చెల్లాయి. బుద్ధెరిగాక ఆమె మాట నలుగురు విన్నది ఆ వీధిలోనే.

లారీలో కుళ్లిన తొక్కల కింద, కారుతున్న మురికిలో, కాజా దారంతో కట్టిన ప్యాకెట్లు నానుతున్నాయి.

వాళ్ల వీధికి వచ్చే లారీ డ్రైవరే, ఆమెను చూసి తల తిప్పుకోబోయాడు. ఇదేంటి తమ్ముడూ అని ఆమె నిలదీసింది. పొడి చెత్త షెడ్డు కప్పు కూలి మూసేశారనీ, ఎండాకాలం నుంచీ అంతా ఒకే గుంతలోకి పోతోందనీ, ఎవరికీ చెప్పొద్దని పైవాళ్ల మాటనీ ఒప్పుకున్నాడు.

"నువ్వూ చెప్పకక్కా. ఒకసారి మానేశారంటే, తలకిందులుగా తపస్సు చేసినా మళ్లీ మొదలెట్టరు."

గేటు లేచింది. బస్సు కుదుపుల్లో ఆమె ఆ మాటే తలపోసుకుంటూ కూర్చుంది. వాడన్నదీ అబద్ధం కాదు. చెబితే ఇన్నేళ్ల మాట గంగలో కలుస్తుంది. చెప్పకపోతే రేపటి నుంచి తను ఏ గడపలో నోరు విప్పినా అది మోసమే.

వీధిలో మొదటి ఇల్లు పెద్దమ్మది. ఆ వీధి మొత్తానికీ ఆవిడ పెద్దమ్మే. మోకాళ్లు వంగక పీట మీద కూర్చుని, కూరగాయలు కడిగిన నీళ్లలోనే ప్యాకెట్లు ముంచి తీస్తోంది. ఆ చేతులు చూశాక ఇక ఆగలేకపోయింది. కడగడం మానెయ్యమని మొదలుపెట్టి లారీ సంగతీ, షెడ్డు సంగతీ చెప్పేసింది. మిమ్మల్ని అనవసరంగా కష్టపెట్టానని చేతులు పట్టుకుంది.

పెద్దమ్మ చెయ్యి విడిపించుకుని ప్యాకెట్ దులిపి తీగకు తగిలించింది.

"తెలుసులేవే. లారీ వచ్చేసరికి నువ్వు దుకాణంలో ఉంటావు. మాకు కళ్లున్నాయి కదా, రెండూ కలిపే గుమ్మరిస్తారు."

"మీ ఒక్కరికేనా, అందరికీ తెలుసా?"

"అందరికీ."

"మరి ఎందుకు కడుగుతున్నారు పెద్దమ్మా?"

"నీకోసమే. పొద్దున్నే వచ్చి సంచి ఎత్తి చూసి మురిసిపోతావు కదా. మొగుడు పోయిన మనిషి, దానికి మాత్రం ఇంకేముంది పాపం అనుకున్నాం. రెండు ప్యాకెట్లు కడిగితే మా సొమ్మేం పోయింది? ఎదురింటాయనైతే నువ్వు చూసి వెళ్లగానే రెండూ కలిపేస్తాడు, బద్ధకస్తుడు."

నవ్విస్తే నవ్వుతుందనుకుంది పెద్దమ్మ. ఆమె మొహాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు. ప్రతి గుమ్మంలోనూ "సరే అక్కా" అంటూ ఊగిన తలలన్నీ ఒక్కొక్కటే కళ్లముందు కదిలాయి. ఏడ్చే పిల్ల చేతిలో గిలక్కాయ పెట్టినట్టు ఆమె మాటను ఆమెకే ఇచ్చి ఆడించారు. ఒక్కరైనా పోట్లాడి ఉంటే బాగుండేది.

మంచినీళ్లు తాగి వెళ్లమనీ, రేపు కూడా మానకుండా రమ్మనీ చెబుతూ పెద్దమ్మ గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి ఆమె వీధి మలుపు దాటుతోంది. వెళ్లొస్తానని కూడా అనలేదు.