నూట పదమూడో ఫ్రేము

పద్దెనిమిదేళ్ళుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. దెయ్యం పట్టిందని బడి మాన్పించిన పిల్లల్ని ఇళ్ళకి వెళ్ళి, తల్లిదండ్రులతో వాదించి వెనక్కి తీసుకొచ్చినదాన్ని. మా ఇంట్లో ఆదివారం చర్చి ఉంది, రోజూ ప్రార్థన ఉంది. దెయ్యాల మాట మాత్రం మా నాన్నగారు గడప దాటి రానిచ్చేవారు కాదు. ఇలాంటి అనుభవాలు ఎవరైనా రాస్తే చదివి నవ్వుకునేదాన్ని. రెండేళ్ళయింది నవ్వడం మానేసి.

మా ఊరు ఐ.పోలవరం దగ్గర. డాబా మీద నా టెలిస్కోపు ఉంటుంది. ఆరంగుళాల అద్దం, ఆకాశంతో పాటు నెమ్మదిగా తిరిగే మోటారు స్టాండు, వెనకాల ఒక చిన్న కెమెరా. ఆ కెమెరాకి సొంత లెన్సు లేదు. టెలిస్కోపుకి బిగిస్తే తప్ప అది దేన్నీ ఫొటో తీయలేదు.

ఆ డిసెంబరులో బ్లూ స్నోబాల్ అనే నెబ్యులాని తీస్తున్నాను. వయసైపోయిన నక్షత్రం తన పైపొరల్ని వదిలేస్తే, ఆ వాయువే వెలుగుతూ అలా కనిపిస్తుంది. చాలా చిన్నది. నా ఫొటోలో బఠాణీ గింజంత ఉంటుంది. కానీ మంచి కాంతిగా, నీలంగా మెరుస్తుంది. అంత కాంతి ఉంది కాబట్టి ఒక్కో ఫొటోకి పది సెకన్లు చాలు. అలా వందల ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి కలిపితే లోపలి పొరలు తేలతాయి. డిసెంబరులో అన్నాల వేళకే అది బాగా పైన ఉంటుంది, అర్ధరాత్రి దాకా మేలుకోనక్కర్లేదు.

మా వైపు అసలు బాధ చెమ్మ. అరగంటకే అద్దం మసకబారుతుంది. అందుకని హెయిర్ డ్రయరు పట్టుకుని పక్కనే కూచోవాలి. ఆ సాయంత్రం కూడా అలాగే కూచున్నాను. డాబా మీదికి ఎవరూ రాలేదు. టెలిస్కోపుని ఎవరూ ముట్టుకోలేదు.

ఏడున్నర దాటింది. తీసిన ఫొటో తీసినట్టు ల్యాప్‌టాప్‌లో పడుతోంది. నూట పన్నెండో ఫ్రేము దాకా నల్లటి ఆకాశం, మధ్యలో నీలి చుక్క. నూట పదమూడోది పసుప్పచ్చగా పడింది.

పక్కింటి లైటు తగిలిందేమో అనుకుని వంగి చూశాను. తెర మీద మట్టి గట్టు ఉంది. బల్బు వెలుగు ఉంది. కర్రకి బిగించిన ఇనప పెట్టె, దాని తలుపు తెరిచి ఉంది. పెట్టె కింద ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. గళ్ళ లుంగీ. కుడి చెయ్యి పెట్టె వైపు చాచి ఉంది. మొహం కనబడలేదు.

తలెత్తి టెలిస్కోపు వంక చూశాను. అది ఎప్పట్లాగే ఆకాశంలోకి చూస్తోంది. ఇంకో పది సెకన్లకి అదే బొమ్మ. మరో పది సెకన్లకి మళ్ళీ అదే. ఆ తర్వాతి ఫ్రేములో నెబ్యులా, ఇంతకుముందున్న చోటే, వెంట్రుకవాసి కూడా జరక్కుండా.

నా ఒళ్ళు చల్లబడింది మనిషిని చూసి కాదు. పది సెకన్ల ఎక్స్‌పోజరులో ఊపిరి తీసుకునే మనిషి కూడా కొంచెం చెదురుతాడు. ఈ మనిషి మూడు ఫ్రేముల్లోనూ గీత గీసినట్టు ఉన్నాడు. అంటే అరనిమిషం పాటు ఏ కదలికా లేదు.

మా మరిది ప్రసాద్‌కి మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో రొయ్యల చెరువుంది. నీళ్ళలో గాలి ఆడించడానికి ఏరేటర్లని చక్రాలు తిరుగుతుంటాయి. వాటి స్విచ్చులు గట్టు మీద అలాంటి ఇనప పెట్టెలోనే ఉంటాయి. మా డాబా మీంచి చూస్తే ఆ చెరువు కనబడదు, మధ్యలో అన్నీ కొబ్బరితోటలే. అయినా నా వేళ్ళు ప్రసాద్ నంబరే నొక్కాయి. నాలుగు రింగులకి ఎత్తాడు.

"ఆయ్, చెప్పండి వదినగారు."

"ఎక్కడున్నావు?"

"చెరువు కాడేనండి. ఏరేటర్లు వేద్దామని."

"పెట్టె ముట్టుకోకు ప్రసాద్. మీ అన్నయ్య వస్తున్నారు, అప్పటిదాకా ముట్టుకోకు."

"ఏమైందండి?"

"ముట్టుకోకు, అంతే" అన్నాను. నా గొంతు విని మరి అడగలేదు.

మా ఆయన బండి మీద వెళ్ళారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ని తీసుకెళ్ళి చూపిస్తే, పెట్టె అడుగున ఎర్తింగ్ వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. "తడి చేత్తో పట్టుకునుంటే ప్రాణం పోయేదండి" అన్నాట్ట. కొత్తది వేయించారు. ఆ రాత్రి ప్రసాద్ మా ఇంటికొచ్చాడు. వెళ్తూ నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వారించాను.

ఆ ఫైళ్ళని హైదరాబాదులో నాలాగే ఆకాశం ఫొటోలు తీసే ఒకాయనకి పంపాను. సంగతి చెప్పలేదు, ఇవి ఎలా వచ్చాయో చూడమన్నాను. ఆయన రెండురోజులు చూశాడు. అదే కెమెరా, అవే పది సెకన్లు, సమయాలు వరసగా ఉన్నాయి, పాత ఫొటో ఏదీ కలవలేదు అన్నాడు. "నక్షత్రాలకి ఫోకస్ పెట్టిన టెలిస్కోపులో దగ్గరి వస్తువు అలికేసినట్టు కనబడాలి కదండి. ఇంత స్పష్టంగా ఎలా తీశారు?" అని నన్నే అడిగాడు.

నాలుగో రోజు సాయంత్రం ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తుంటే, పెట్టె వెనకాల నేల మట్టానికి కోసేసిన తాటి మొద్దు కనిపించింది. ప్రసాద్‌కి ఫోన్ చేశాను.

"మన గట్టు మీద తాటి మొద్దుందా?"

"మనకి లేదండి. అటుపక్క చెరువుల మీద ఉంటాయి, ఒకటా రెండా."

అంటే ఫొటోలో పడింది ప్రసాద్ చెరువు కాదు. అటుపక్క చెరువుల వాళ్ళకి చెప్పి రావాలని మా ఆయనతో అన్నాను. ఆయన, "ఏమని వెళ్తావు? ఆకాశం ఫొటోలో మీ చెరువు పడిందని చెబుతావా? సైన్సు టీచరువి. స్కూల్లో తలెత్తుకోగలవా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. నా మనసులో ఉన్నదే ఆయన పైకన్నారు.

ఫొటో సంగతి ఎత్తకుండా, ఊరికే పెట్టెలు చూపించుకోండని కూడా చెప్పి ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. రేపు చెబుదాం, ఆదివారం చర్చి దగ్గర నలుగురూ ఉన్నప్పుడు చెబుదాం అనుకుంటూ వాయిదా వేశాను. ఆదివారం వచ్చింది. అందరూ బాగున్నారు, నవ్వుతున్నారు. చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. ఆ వారమంతా చీకటి పడితే ఫోన్ మోగుతుందేమోనని దాని వంకే చూసేదాన్ని. డాబా ఎక్కలేదు.

ఫోన్ మోగలేదు. పదకొండో రోజు పొద్దున్న పాల మనిషి చెప్పింది. ప్రసాద్ చెరువుకి అవతల అయిదో చెరువు కాపలా మనిషి సత్తిరాజు, ముందు రోజు సాయంత్రం కరెంటు కొట్టి పోయాడట.

వెళ్ళాను. అప్పటికి అతన్ని ఇంటికి తీసుకెళ్ళిపోయారు. గట్టు మీద ఇనప పెట్టె తలుపు ఇంకా తెరిచే ఉంది. దాని వెనకాల తాటి మొద్దు ఉంది. సత్తిరాజుని నేను ఎప్పుడూ చూడలేదు. అతని పేరు కూడా ఆ పొద్దున్నే విన్నాను.

సంక్రాంతి సెలవులయ్యాక అతని భార్య నాగమణి మా స్కూలుకి వచ్చింది. కూతురు అక్కడే ఎనిమిదో తరగతి చదువుతోంది. కె.గంగవరంలో అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నాం, టీసీ కావాలంది. దరఖాస్తు నేనే రాసిచ్చాను. వేలిముద్ర వేసి, చీర కొంగుతో వేలు తుడుచుకుంటూ అడిగింది.

"మీ మరిదిగారి పెట్టె ముందే బాగు చేయించేరంట కదండి, టీచరుగారు?"

"అవునమ్మా."

"చూపించుకోమని మీకెవరు చెప్పేరండి?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. స్టాఫ్ రూములో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

"ఎవరూ చెప్పలేదమ్మా. ఊరికే చూపించాం" అన్నాను.

"ఆయ్" అంది నాగమణి. కాగితం జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టుకుని, కూతుర్ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

ఆ మూడు ఫైళ్ళు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. చెరపలేను, చూడలేను. ఆకాశంలోకి తిప్పి ఉన్న టెలిస్కోపులోకి ఆ గట్టు ఎలా వచ్చిందో, పది రోజుల ముందు ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు అంతు పట్టలేదు. ఆరోజు నాగమణికి నిజం ఎందుకు చెప్పలేకపోయానో, అదీ నాకు తెలీదు.