పాపిరస్ ముక్క ముందు ఆంటీ

2012లో లీడ్స్‌లో మాస్టర్స్ చదువుతూ ఒక ఆంటీ ఇంట్లో అద్దెకుండేదాన్ని. ఆమెది గుంటూరు. ముప్పై ఏళ్లు ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారమంటే ఆమెకు చర్చి, నాకు నిద్ర. కందిపొడి దగ్గర మాత్రం మా ఇద్దరి మతం ఒకటే.

మాంచెస్టర్‌లో ఒక లైబ్రరీలో యోహాను సువార్త తాలూకు చాలా పాత ముక్క ఉందని, పాపిరస్ మీద గ్రీకులో రాసిందని చర్చిలో ఎవరో చెప్పారట.

"పాపిరస్ అంటే ఏంటమ్మాయ్?"

"నీళ్లలో పెరిగే రెల్లులాంటి మొక్కని చీల్చి, అతికించి చేసే కాగితం ఆంటీ."

"మన తాటాకులకి చుట్టమన్నమాట. పద, చూసొద్దాం."

శనివారం పొద్దున్నే రైలెక్కాం. ఆంటీ పట్టుచీర కట్టి, పైన వింటర్ కోటు తొడిగారు. చూసినవాళ్లు మేమేదో పెళ్లికి వెళ్తున్నామనుకుని ఉంటారు.

అద్దాల పెట్టె ముందు ఆంటీ చాలాసేపు వెతికారు.

"ఏదమ్మాయ్?"

"అదే ఆంటీ."

"ఇదా? అప్పడం ముక్కంత కూడా లేదు!"

నిజమే. పేకముక్కంత ఉంది, అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. రెండువైపులా ఏడేసి లైన్లు. ఒక్కటీ పూర్తిగా లేదు.

డ్యూటీలో ఉన్న పెద్దాయన దగ్గరికొచ్చి ఓపిగ్గా చెప్పాడు. పిలాతు యేసును ప్రశ్నించే ఘట్టమట ఇది. ఊడిపోయిన మాటలేవో పండితులు పోల్చి చూసి పూరించారట.

"అంత కష్టమెందుకు? నన్నడిగితే చెప్పేదాన్నిగా," అన్నారు ఆంటీ, తెలుగులో. నేను నవ్వాపుకుంటూ ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అయితే చెప్పమనండి. వింటాను."

ఆంటీ కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. వార్డు ఈ చివర్నించి ఆ చివరిదాకా వినపడే గొంతు. పక్క పెట్టెల దగ్గరున్న వాళ్లంతా ఇటొచ్చేశారు. సరిగ్గా సగంలో ఆంటీ ఆగిపోయారు. నా వైపు చూశారు. బైబిల్ ఎప్పుడూ తెరవని నేనేం అందించను? ఆమె మొహం ఎర్రబడింది.

"ఏం ఫర్వాలేదు. మా దాంట్లోనూ చాలా మాటలు లేవు," అన్నాడాయన, అద్దంలోకి చూపిస్తూ.

ఆంటీ ఫక్కున నవ్వారు. చెప్పింది మీ భాషలో రాసివ్వమని ఆయన సందర్శకుల పుస్తకం తెచ్చాడు. గుర్తున్నంతా రాసి, మరిచిన చోట రెండు లైన్లు ఖాళీ వదిలారు.

తిరుగు రైల్లో హడర్స్‌ఫీల్డ్ దాటాక, "ఆఁ! వచ్చింది!" అని గట్టిగా అరిచారు. ఎదుటి సీట్లో కునుకు తీస్తున్నాయన ఉలిక్కిపడి, తన స్టేషనే వచ్చిందనుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు.

సోమవారం ఆ రెండు లైన్లూ చీటీ మీద రాసి పోస్టు చేశారు. పది రోజులకి ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చీటీని ఖాళీలో స్వయంగా అతికించాడట.

"ఆయనకి తెలుగొచ్చా?" అన్నారు ఆంటీ అనుమానంగా. "పద, చూసొద్దాం."

మళ్లీ వెళ్లాం. ఆయన సంబరంగా పేజీ తీసి చూపించాడు. చీటీ తలకిందులుగా ఉంది. నేను నోరు తెరవబోతే ఆంటీ నా చెయ్యి గిల్లారు.

"చాలా బాగా అతికించారు," అన్నారు ఆయనతో.