పాటల ల్యాంప్‌రూం

మా తాత మార్కు గోదావరిఖనిలో ఒక బాయి మీద ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. బాయి అంటే బొగ్గు గని. ఆయన డ్యూటీ ల్యాంప్‌రూంలో. దిగేవాళ్లు తమ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి తలకు పెట్టుకునే దీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ల వాపసు తీసుకుంటారు. షిఫ్టు అయిపోయినా బిళ్ల మేకుకే వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెతకడానికి పోవాలి. తాను ఏనాడూ మేకుకు బిళ్ల మిగిల్చి ఇంటికి రాలేదని తాత మాకు రోజూ అన్నంతో పాటు వడ్డిస్తాడు.

ఆయన రెండో పని పాటలు పట్టడం. టేప్‌రికార్డరు చంకలో పెట్టుకుని షిఫ్టు బస్సులో, చర్చిలో, బతుకమ్మ దగ్గర ఎవరు గొంతెత్తినా ముందు వాలేవాడు. నూట నలభై క్యాసెట్లు. వాటిలో దగ్గులూ కోడికూతలూ కూడా భద్రంగా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ, పదకొండు క్యాసెట్లు, బాయిలో దిగే ఆయన దోస్తు మొగిలివి. పన్నెండోది లేదు. ఒకరోజు మొగిలి డ్యూటీకి ఐదు నిమిషాలు ఆలస్యంగా వస్తే తాత ల్యాంప్‌రూం కిటికీ మూసేశాడు. బతిమాలినా తెరవలేదు. మొగిలికి నాగా పడి ఆ రోజు జీతం పోయింది. అప్పటి నుంచి ఇరవై రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. రిటైరయ్యాక మొగిలి బెల్లంపల్లి వెళ్లిపోయాడు.

"సారికా, గవి బూజు పట్టకముందే కంప్యూటర్ల ఎక్కియ్యే," అన్నాడు తాత. ఐటీఐ సగంలో వదిలేసి మొబైల్ షాపులో కూర్చుంటున్న నాకు ఆరు నెలలు అదే పని. పాత కంప్యూటరొకటి తెచ్చి బియ్యం డబ్బా పక్కన పెట్టి, తాత పేరుతో వెబ్‌సైట్ తెరిచాను. కంప్యూటర్ నడిచినంతసేపూ ఎవరైనా ఎక్కడి నుంచైనా ఫోన్‌లో ఆ పాటలు వినొచ్చు.

"ఎవరైనా అంటే ఎట్లనే? లోపల ఎవలున్నరో తెల్వద్దా?"

"పాట వింటే పైకప్పు కూలుతదా తాతా?"

"నీకేం తెల్సు. బిళ్లలు పెట్టు."

పెట్టాను. ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. అది కొట్టి లోపలికి వస్తే తాత ముందు తెరమీద ఎర్రదీపం వెలుగుతుంది. విన్నాక 'దీపం అప్పగించు' అన్న చోట నొక్కాలి. మరిచిపోతే షిఫ్టు లెక్కన ఎనిమిది గంటలు దాటగానే తాత ఫోన్ చేస్తాడు. ఎక్కువగా మరిచిపోయేది ఆయనతో పాటు బాయి మీద పనిచేసిన సదయ్య.

"సదయ్యా, ఇంక పైకెక్కలేదేంది?"

"ఎక్కుడేందన్నా? నేను కూరగాయల మార్కెట్ల ఉన్న."

పదిహేడు మొగిలి పాత నంబరు. దాన్ని తాత ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు. సదయ్య చేత బెల్లంపల్లికి పంపించి, ఇక ఆ దీపం ఎప్పుడు వెలుగుతుందా అని కూర్చున్నాడు. అడిగితే, "కరెంటున్నదా లేదా అని చూస్తున్న," అనేవాడు. అలా మూడు నెలలు కరెంటును చూశాడు.

ఒక మంగళవారం పొద్దున పదిహేడు వెలిగింది. తాత కళ్లద్దాలు మూడుసార్లు తుడుచుకున్నాడు. సాయంత్రానికి దీపం తిరిగి రాలేదు. బుధవారమూ రాలేదు. ఒక్కటే పాట మళ్లీ మళ్లీ నడుస్తోంది. ఫోన్ చేస్తే మొగిలి ఎత్తడం లేదు.

"నడువు. ఎనిమిది గంటలు దాటితే దేవులాడవోవాలె. రూలు," అంటూ తాత చెప్పులేసుకున్నాడు.

గోదావరి దాటి మంచిర్యాలలో బస్సు మారాం. దారంతా ఒక్కటే మాట మాట్లాడాడు. "గా దినం కిటికీ తెరిస్తే ఏం పోతుండె?" అది నన్ను అడిగింది కాదు.

తలుపు తీసింది మొగిలి భార్య ఐలవ్వ. "మార్కన్నా! ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా? రాండ్రి, లోపల్నే ఉన్నడు."

మొగిలి కుర్చీలో బాగానే ఉన్నాడు. ఆయన పక్కన స్టీలు గ్లాసులో నిలబెట్టిన ఫోన్‌లోంచి ఆయన పడుచు గొంతు గణగణమంటోంది. ఇప్పటి గొంతు రెండు మాటలకొకసారి ఆయాసపడుతోంది.

"దీపం ఇయ్యలేదని దేవులాడుకుంట వచ్చినవా?" అన్నాడు తాత వైపు చూడకుండానే.

"ఫోనెందుకు ఎత్తవు? పానం ఆగమైంది నాకు."

"ఎత్తితే పాట ఆగుతది."

"అప్పగించుడు తెల్వకపోతే మా పిల్ల చూపిస్తది."

"తెల్సు. అప్పగిస్తే మళ్ల ఇస్తవో ఇయ్యవో. నీ కిటికీ సంగతి నాకెరుక లేదా?"

ల్యాంప్‌రూం మనిషి దగ్గర దీనికి రూలు లేదు. తాత మొగిలి పక్కనే పీట వేసుకున్నాడు.

"ఉంచుకో."

పాట నాలుగుసార్లు అయ్యేదాకా కూర్చున్నారు. ఐలవ్వ రెండుసార్లు చాయ్ పోసింది.

ఇప్పుడు తాత రోజూ సాయంత్రం తెర ముందు కూర్చుని నంబర్లన్నీ సరిచూస్తాడు. సదయ్యను మామూలుగానే తిడతాడు. తర్వాత లేచి చెప్పులేసుకుంటాడు.

"తాతా, పదిహేడు ఇంక లోపల్నే ఉన్నది," అంటాను నేను ఊరికే ఉండలేక.

"తెల్సు. కరెంటు పోకుంట చూస్కో," అని చర్చికి వెళ్లిపోతాడు.